పాత ఫోన్ నెమ్మదించింది: బ్యాటరీ మార్పించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: నేను నర్సంపేటలో ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం బోధిస్తాను. 2021లో 13 వేలకు కొన్న 4జీ ఫోన్ వాడుతున్నాను. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది, ఏ యాప్ తెరిచినా ఆగి ఆగి వస్తోంది, స్టోరేజ్ నిండిపోయిందని రోజూ హెచ్చరిక కనిపిస్తోంది. ఆండ్రాయిడ్ 11తో వచ్చిన ఫోన్ 13 దాకా అప్‌డేట్ అయి ఆగిపోయింది. చివరి సెక్యూరిటీ అప్‌డేట్ 2023 అక్టోబర్ అని చూపిస్తోంది. నా జీతం ఖాతా, యూపీఐ, మా వారి పత్తి అమ్మకానికి స్లాట్ బుకింగ్ అన్నీ ఇందులోనే. హనుమకొండ చౌరస్తాలో ఒక దుకాణదారు 23 వేల 5జీ ఫోన్ చూపించి, నెలకు 2,200 చొప్పున 12 కిస్తీలు, 500 ప్రాసెసింగ్ ఫీజు, పాత ఫోన్‌కు 1,500 ఎక్స్‌చేంజ్ అన్నాడు. మా వారేమో ఫోన్ బాగానే పనిచేస్తున్నది, బ్యాటరీ మార్పిస్తే చాలంటున్నారు. ఇంటర్ చదివే మా పాప పాత ఫోన్ తనకివ్వమంటోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఫోన్ మార్చండి. అయితే మీరు రాసిన కారణాలతో కాదు. చార్జింగ్ నిలవకపోవడం, యాప్‌లు ఆగి ఆగి రావడం రెండూ తక్కువ ఖర్చుతో చాలావరకు సరిచేసుకోగలిగినవి. ఆ విషయంలో మీ వారి మాటే సరైనది. మార్చవలసిన అసలు కారణం మీ ఉత్తరంలో మీరు మాటవరసకు రాసిన ఆ తేదీలో ఉంది. రెండేళ్లు దాటినా సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఫోన్‌లో ఇంటి డబ్బు వ్యవహారమంతా నడుస్తోంది. అలాగని ఈ నెలలోనే, ఆ దుకాణదారు చూపిన ఫోన్‌నే, ఆ కిస్తీల మీదనే కొనవలసిన తొందరేమీ లేదు.

ముందు బ్యాటరీ సంగతి చూద్దాం. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సాధారణంగా 500 పూర్తి చార్జింగ్ చక్రాల తర్వాత దాదాపు 80 శాతం సామర్థ్యంతో మిగిలేలా తయారవుతుంది. ఈ మధ్య వస్తున్న కొన్ని ఫోన్లలో ఆ లెక్క 800, 1,000 దాకా వెళ్లింది. ఒక చక్రం అంటే ప్లగ్ పెట్టిన ప్రతిసారీ కాదు. ఇవాళ సగం, రేపు సగం వాడి నింపుకుంటే ఆ రెండూ కలిసి ఒకటి. రోజుకు ఒకసారి నిండుగా వాడే మీలాంటి వారి ఫోన్ నాలుగేళ్లలో వెయ్యి చక్రాలు దాటిపోయి ఉంటుంది కాబట్టి, మధ్యాహ్నానికే ఖాళీ కావడంలో వింత లేదు. దీనికి మన ఎండలు తోడు. చాలా కంపెనీలు తమ ఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని చెబుతాయి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం నీడలోనే 42, 43 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడిలో దిండు కింద పెట్టి చార్జింగ్ చేయడం, బండి హ్యాండిల్‌కు తగిలించి ఎండలో తిప్పడం బ్యాటరీని వయసు కంటే ముందే ముసలిదాన్ని చేస్తాయి. రేపు కొత్త ఫోన్ కొన్నా ఇదే వర్తిస్తుంది.

ఒక పరీక్ష మాత్రం ఇవాళే చేయండి. ఫోన్ కవర్ తీసి, చదునైన గాజు బల్ల మీద వెల్లకిలా పెట్టి, మూలన వేలితో మెల్లగా తిప్పి చూడండి. కెమెరా ఉబ్బు వల్ల కొద్దిగా ఊగడం మామూలే. కానీ వెనక భాగం మధ్యలో ఉబ్బి బొంగరంలా తిరిగినా, స్క్రీన్ అంచున గోరు దూరేంత సందు కనిపించినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు చార్జింగ్ పెట్టడం వెంటనే మానేసి, దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోవాలి. ఉబ్బు లేకపోతే నింపాదిగా మార్పించుకోవచ్చు. హనుమకొండలో మీ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఉందేమో చూసి అక్కడే చేయించండి. ఈ ధర ఫోన్లకు సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల లోపు అవుతుంది. రోడ్డు పక్కన నాలుగు వందలకు వేసే బ్యాటరీ మీద ఎంత సామర్థ్యం రాసి ఉన్నా నమ్మకండి.

ఇక నెమ్మది. ఇది ప్రాసెసర్ ముసలిదైనందువల్ల వచ్చిందని అందరూ అనుకుంటారు గానీ, మీ విషయంలో ముఖ్యమైన దోషి నిండిపోయిన స్టోరేజ్. ఫోన్‌లోని ఫ్లాష్ మెమరీ మీద కొత్తది రాయాలంటే ఖాళీ గడి కావాలి. ఖాళీ లేనప్పుడు పాత సమాచారాన్ని పక్కకు జరిపి, ఆ గడి చెరిపి, తర్వాత రాయాలి. ప్రతి చిన్న పనికీ ఇంత తతంగం జరగడం వల్లనే తెర ఆగి ఆగి కదులుతుంది. పైగా ఆ ధరలో వచ్చిన చాలా ఫోన్లలో ఈఎంఎంసీ అనే నెమ్మది రకం మెమరీ వాడారు. కనీసం పది, పదిహేను శాతం ఖాళీ ఉంచితే తేడా మీకే తెలుస్తుంది.

ఉపాధ్యాయుల ఫోన్లలో ఈ చెత్త ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలియనిది కాదు: తరగతికొక వాట్సాప్ గ్రూపు, తల్లిదండ్రులకొకటి, స్టాఫ్‌కొకటి, వాటిలో పొద్దున్నే శుభోదయం బొమ్మలు, బతుకమ్మ నాడు ఒకే వీడియో ఏడుగురు పంపడం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి వెళ్లి ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. ఐదు ఎంబీ దాటినవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట అదే విడదీసి చూపిస్తుంది. అవి తుడిచేసి, ఫొటోలూ వీడియోలూ తమంతట తాము డౌన్‌లోడ్ అయ్యే పద్ధతి కట్టేయండి. ఒక ఆదివారం ఈ పనికి కేటాయించమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇది చేయకుండా కొత్త ఫోన్ కొంటే నాలుగేళ్ల చెత్త అంతా మూటగట్టుకుని కొత్త ఇంట్లో దిగినట్టే అవుతుంది.

ఈ రెండూ చేశాక మీ ఫోన్ మళ్లీ రోజంతా నడిచే అవకాశం ఎక్కువ. అప్పుడు మీ వారు ‘చెప్పలేదా’ అంటారు. అక్కడే ఆగిపోకూడదనడానికి కారణం ఇది. ఆండ్రాయిడ్‌లో బయటపడిన లోపాల జాబితాను, వాటి సవరణలతో సహా, గూగుల్ నెలనెలా ప్రకటిస్తుంది. ఆ ప్రకటన వెలువడిన రోజు నుంచి లోపం ఎక్కడుందో మంచివాళ్లకూ తెలుస్తుంది, దొంగలకూ తెలుస్తుంది. సవరణ అందిన ఫోన్లకు ఫరవాలేదు, అందని ఫోన్లలో ఆ తలుపు తెరిచే ఉంటుంది. 2023 అక్టోబర్ తర్వాత ప్రకటించిన వాటిలో మీ ఫోన్‌కు వర్తించేవన్నీ అందులో అలాగే పోగుపడి ఉన్నాయన్నమాట. పాటలు వినే ఫోన్‌కు ఇది పెద్ద విషయం కాదు. జీతం పడే ఖాతా, ఓటీపీలు వచ్చే నంబరు ఉన్న ఫోన్‌కు మాత్రం ఇదే పెద్ద విషయం.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి రెండో పక్క కూడా చెప్పాలి. ఆండ్రాయిడ్ 10 తర్వాతి ఫోన్లలో కొన్ని ముఖ్యమైన భాగాలు కంపెనీతో పనిలేకుండా గూగుల్ ప్లే ద్వారానే సరిదిద్దే ఏర్పాటు ఉంది. హానికర యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్ తనిఖీలు మీ ఫోన్‌లోనూ నడుస్తున్నాయి. ‘ఇంకో ఆరు నెలలైతే వాట్సాప్ రాదు, బ్యాంకు యాప్ రాదు’ అని దుకాణాల్లో బెదిరించే మాట కూడా మీ ఫోన్‌కు వర్తించదు: వాట్సాప్ 2025 జనవరిలో వదిలేసింది 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4ను, మీది 13. అంతకంటే ముఖ్యంగా, మన చుట్టుపక్కల జనం పోగొట్టుకుంటున్న డబ్బులో ఎక్కువ భాగం ఫోన్‌లోని లోపం వల్ల పోయింది కాదు. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) మనమే నొక్కడం వల్ల, ఫోన్‌లో అడిగినవాడికి ఓటీపీ చెప్పడం వల్ల పోయింది. లక్ష రూపాయల ఫోన్ కూడా దాన్ని ఆపలేదు. అలా పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది మాత్రం ఇంట్లో అందరికీ కంఠతా రావాలి. ఇదంతా కలిపి చూస్తే, మార్పు అవసరమే గానీ గడువు రోజుల్లో లేదు, నెలల్లో ఉంది. దసరా దీపావళి తగ్గింపుల దాకానో, డబ్బు చేతికందే దాకానో ఆగగలరు.

ఇప్పుడు ఆ 23 వేల ఫోన్. దుకాణదారు మీకు 5జీ, 108 మెగాపిక్సెల్ కెమెరా, ‘ఎనిమిది ప్లస్ ఎనిమిది ర్యామ్’ వంటివే చెప్పి ఉంటాడు. ఆ రెండో ఎనిమిది నిజమైన ర్యామ్ (తెరిచిన యాప్‌లు నడిచే తాత్కాలిక మెమరీ) కాదు. స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చుకున్న చోటు, అసలు ర్యామ్ కంటే ఎంతో నెమ్మది. 108 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా తీసే ఫొటో, తొమ్మిదేసి బిందువులను ఒకటిగా కలిపి, 12 మెగాపిక్సెల్ దగ్గరే ఆగుతుంది. బోర్డు మీద లెక్కనూ, పిల్లల నోటుబుక్కునూ ఫొటో తీయడానికి అది చాలు.

5జీ గురించి కొంచెం వివరంగా చెబుతాను. మన దేశంలో అది 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియో పూర్తిగా విడిగా నడిచే 5జీ వేసింది, ఎయిర్‌టెల్ తన 4జీ వ్యవస్థను ఆధారం చేసుకుని మొదలుపెట్టింది. అందుకే కొనే ఫోన్‌లో ఎన్78 అనే బ్యాండుతో (సిగ్నల్ మోసే తరంగాల శ్రేణి) పాటు, జియో వాడేవారైతే ఎన్28 కూడా ఉండాలి. రెండోది 700 మెగాహెర్ట్జ్‌ది, తక్కువ పౌనఃపున్యం కాబట్టి గోడలు దాటి దూరం పోతుంది. కానీ కాగితం మీద బ్యాండ్లు ఎన్ని ఉన్నా, మీ ఇంట్లో, మీ స్టాఫ్‌రూం స్లాబు కింద సిగ్నల్ ఎలా ఉందన్నదే మీకు కావలసింది. మీ సిమ్ కంపెనీయే వాడే తోటి ఉపాధ్యాయుల 5జీ ఫోన్ ఒకటి తీసుకుని ఆ రెండు చోట్లా నిలబడి చూడండి. మీరు చేసే పనులకు 4జీ సరిపోతుంది, అందులో అనుమానం లేదు. కొత్తగా కొనే ఫోన్ 2030 దాకా నడవాలి కనుక 5జీ ఉండనివ్వండి, అంతే. ఆ ధరలో దాదాపు అన్నిటిలో అది ఉంటుంది కాబట్టి దానికోసం అదనంగా ఒక్క రూపాయి పెట్టనక్కరలేదు.

దుకాణదారును అడగవలసిన ప్రశ్న ఒక్కటే, అది అతనికి ఇష్టమైన ప్రశ్న కాదు: ‘ఈ మోడల్ మార్కెట్‌లోకి ఏ నెలలో వచ్చింది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది?’ అప్‌డేట్ల గడువును సాధారణంగా మీరు కొన్న రోజు నుంచి కాక, మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్కిస్తారు. నాలుగేళ్ల హామీ ఉన్న ఫోన్‌ను విడుదలైన రెండేళ్లకు తగ్గింపులో కొంటే మీకు మిగిలేది రెండేళ్లే. ఆ లెక్కన 23 వేలకు ఏడాదికి 11,500 పడుతుంది. 18 వేలకు దొరికి, ఇంకా ఐదేళ్ల అప్‌డేట్లు మిగిలి ఉన్న ఫోన్‌కు మధ్యలో బ్యాటరీ మార్పిడికి 1,500 కలిపినా ఏడాదికి నాలుగు వేలు దాటదు. ఇది ఊహలో ఫోన్ కాదు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, సామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఎస్24తో ఏడేళ్లు ఇస్తామన్నాక ఆ పద్ధతి కిందికి కూడా దిగింది. 2024లో 20 వేల లోపు ధరతో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్ల హామీ ఉంది. అదే కొనమని నేను అనడం లేదు, ఆ ధరలో అంత గడువు దొరుకుతుందని చెప్పడానికి ఉదాహరణగా చెబుతున్నాను. దుకాణంలో చెప్పిన మాట కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు పక్కన ఏముందో చూసుకోండి.

దీని తర్వాత చూడవలసినవి: 128 జీబీకి తగ్గని స్టోరేజ్, అది కూడా ఈఎంఎంసీ కంటే వేగమైన యూఎఫ్ఎస్ రకం అయితే మంచిది, ఆరు లేదా ఎనిమిది జీబీ అసలు ర్యామ్, బస్సులో గంట ప్రయాణంలో చేరగలిగే సర్వీస్ సెంటర్. పాత ఖరీదైన ఫోన్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు *#06# నొక్కి ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు తెలుసుకుని, KYM అని ఇంగ్లిష్‌లో రాసి ఖాళీ వదిలి ఆ 15 అంకెలూ వేసి 14422కు మెసేజ్ పంపండి. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసిందయితే అందులో తెలుస్తుంది.

కిస్తీల విషయం. 2,200 చొప్పున 12 నెలలంటే 26,400, ఫీజుతో 26,900. అంటే 23 వేల ఫోన్‌కు 3,900 అదనం. మీ పాత ఫోన్‌కు అతను ఇస్తానన్న 1,500 పోయినా ఇంకా 2,400 మీ చేతి నుంచే పోతుంది. ‘నో కాస్ట్’ అన్న మాట ఎక్కడ కనిపించినా అనుమానించడం మంచిది. వడ్డీ లేని కిస్తీ అనేది ఉండదని, అది ఫీజుల రూపంలో దాక్కుని ఉంటుందని రిజర్వ్ బ్యాంకే 2013లో బ్యాంకులకు రాసింది. క్రెడిట్ కార్డు మీద కిస్తీలైతే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మీరు రాయలేదు గానీ, మన ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల వేసవి సెలవులకు జీతం ఇవ్వరు. పన్నెండు నెలల కిస్తీల్లో మే, జూన్ తప్పకుండా వస్తాయి. కొన్ని ఫైనాన్స్ సంస్థలు కిస్తీ తప్పితే ఫోన్‌ను లాక్ చేసే యాప్ ముందే వేసి ఇచ్చిన సందర్భాలున్నాయి. డబ్బు వ్యవహారం భద్రంగా ఉండాలని కొనే ఫోన్ తాళం ఇంకొకరి చేతిలో ఉండడం నాకు నచ్చని సంగతి. బ్యాటరీ మార్పించి, ఆ 2,200నే ఎనిమిది నెలలు పక్కన వేయగలిగితే 17,600 అవుతాయి. అంత ఆగలేకపోతే సగం నగదు కట్టి, మిగిలిన సగానికి ఏప్రిల్ లోపు ముగిసే చిన్న కిస్తీలు పెట్టుకోండి.

1,500కు పాత ఫోన్ ఇవ్వకండి. కొత్త బ్యాటరీ వేసిన ఆ ఫోన్ మీ పాపకు పాఠాల వీడియోలు చూసుకోవడానికి ఏడాది, రెండేళ్లు బాగా పనికొస్తుంది. షరతు ఏమిటంటే అందులో యూపీఐ, బ్యాంకు యాప్, మీ జీమెయిల్ ఏవీ మిగలకూడదు. సెట్టింగ్స్‌లో ముందు మీ గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రికవరీ పద్ధతిలో రీసెట్ చేస్తే, తెరిచినప్పుడు మళ్లీ మీ పాస్‌వర్డే అడిగి కూర్చుంటుంది.

మార్చే రోజు కూడా చూసి పెట్టుకోండి. సీసీఐ (భారత పత్తి సంస్థ) 2025 సీజన్‌లో పత్తి కొనుగోలుకు కపాస్ కిసాన్ యాప్ స్లాట్ పెట్టింది కాబట్టి, పత్తి బండి మార్కెట్‌కు వెళ్లవలసిన వారంలో ఫోన్ మార్చడం మంచిది కాదు. యూపీఐ కొత్త ఫోన్‌లో నమోదు కావాలంటే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అందులో ఉండాలి, ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ వెళ్లాలి. నమోదైన తర్వాత కూడా మొదటి 24 గంటలు పంపగలిగే మొత్తానికి తక్కువ పరిమితి ఉంటుంది, కనుక పాప కాలేజీ ఫీజు కట్టే రోజున ఈ పని పెట్టుకోవద్దు. వాట్సాప్ సంభాషణలను పాత ఫోన్ నుంచి కొత్తదానికి ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’తో క్యూఆర్ కోడ్ చూపించి నేరుగా మార్చుకోవచ్చు, గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌ను నమ్ముకుంటే అది మీ ఉచిత 15 జీబీలోంచే తింటుంది. కొత్త ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ, కపాస్ కిసాన్ మూడూ తెరుచుకుని, చిన్న మొత్తం ఒకటి పంపి చేరిందని చూసుకున్న తర్వాతనే పాత ఫోన్‌ను రీసెట్ చేసి పాప చేతికివ్వండి.